దోహా ఫ్లాట్‌లో సంగీతం: స్టీరియో నుంచి హోమ్ థియేటర్ దాకా, అంచెలంచెలుగా

పాటలంటే ఇష్టమున్నవాడికి చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మంచి మ్యూజిక్ సిస్టమ్ కొనుక్కోవాలనిపిస్తుంది. గల్ఫ్‌లో ఆ కోరిక తీరడం కష్టమేమీ కాదు. దుకాణాలు దగ్గర్లోనే ఉంటాయి, శుక్ర శనివారాలు తీరిక ఉంటుంది. చాలామంది చేసే పనేమిటంటే, ఒకే సాయంత్రం ఏడు పెట్టెల హోమ్ థియేటర్ తెచ్చి బిగించేస్తారు. రెండు నెలలు ఇల్లంతా దద్దరిల్లుతుంది. ఆ తర్వాత వెనక స్పీకర్ల మీద దుమ్ము పేరుకుంటుంది, పాటలు మళ్లీ ఫోన్‌లోనే వింటారు.

ఈ వ్యాసంలో ఇంకో దారి గురించి మాట్లాడుకుందాం. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, ఎక్కిన మెట్టు వృథా పోకుండా, రెండు స్పీకర్ల స్టీరియో నుంచి హోమ్ థియేటర్ దాకా వెళ్లే దారి. ఖతార్‌లో ఉన్నవాళ్లకి ఇది మరీ అవసరం. ఇక్కడ మనది అద్దె ఇల్లు, కాంట్రాక్టు ఉద్యోగం. ఎప్పుడు పెట్టె సర్దాల్సి వస్తుందో చెప్పలేం. కాబట్టి కొనే ప్రతి వస్తువునీ రెండు ప్రశ్నలు అడగాలి: ఇది ఇప్పుడు నా చెవికి ఎంత తేడా చూపిస్తుంది? రేపు నాతో పాటు ఇంటికి వస్తుందా?

ముందు ప్రొఫైలింగ్, తర్వాతే ఆప్టిమైజేషన్

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ సూత్రం కొత్తేమీ కాదు. ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తోందంటే ఎక్కడ సమయం పోతోందో ముందు కొలుస్తాం. మొత్తం సమయంలో 5 శాతం తీసుకునే ఫంక్షన్ని ఎంత చెక్కినా ఆ 5 శాతానికి మించి లాభం రాదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం సారాంశం ఇంతే.

ఆడియోకీ అదే లెక్క. పాట మీ చెవిని చేరేలోపు ఐదు చోట్ల ఆగుతుంది: రికార్డింగ్, దాన్ని చదివే సాధనం, ఆంప్లిఫయర్, స్పీకర్లు, గది. వీటిలో శబ్దాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేసేవి చివరి రెండూ. ఈ రోజుల్లో ఓ మాదిరి ఆంప్లిఫయర్ కూడా వినిపించే పౌనఃపున్యాలన్నిటిలోనూ 1 డెసిబెల్ లోపు తేడాతో పనిచేస్తుంది. అదే స్పీకర్లలో 5, 6 డెసిబెల్స్ హెచ్చుతగ్గులు మామూలే. ఇక ఖాళీ గదిలో తక్కువ పౌనఃపున్యాల దగ్గర 15, 20 డెసిబెల్స్ దాకా ఎగుడుదిగుళ్లుంటాయి. దుకాణంలో మాత్రం మనకి చూపించేది ఆంప్లిఫయర్ మీది వాట్లు, కేబుల్ మీది బంగారు పూత. గదిని ఎవరూ అమ్మరు కదా!

మొదటి మెట్టు: గది

నజ్మా కానివ్వండి, మన్సూరా కానివ్వండి, బిన్ మహమూద్ కానివ్వండి, దోహా ఫ్లాట్లు చాలామటుకు ఒకే తీరు. కింద టైల్స్ లేదా మార్బుల్, చుట్టూ కాంక్రీటు దిమ్మల గోడలు, వాటి మీద నున్నటి ప్లాస్టర్, ఓ వైపు పెద్ద గాజు కిటికీ. సామాను చేరకముందు చప్పట్లు కొట్టి చూడండి, శబ్దం ఖంగుమని మోగుతుంది. ఈ మోతని లెక్క కట్టడం నేర్పినవాడు హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ సబీన్.

1895లో అతనికి ఓ పని అప్పజెప్పారు. విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట్లాడేవాడి మాట ఎవరికీ అర్థం కావడం లేదు, దాన్ని బాగుచెయ్యాలి. సబీన్ దగ్గరున్న పరికరాలు ఓ ఆర్గాన్ గొట్టం, ఓ స్టాప్‌వాచ్, తన చెవులు. రాత్రిపూట ఊరు సద్దుమణిగాక, పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కో వరసా పరుస్తూ శబ్దం ఎంతసేపట్లో ఆరిపోతోందో కొలిచాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్లీ వాటి చోటికి చేరాలి! ఆ శ్రమలోంచి పుట్టిన సూత్రం ఇది: గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే, శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం సెకన్లలో వస్తుంది.

మన హాలు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. ఘనపరిమాణం 60 ఘనపు మీటర్లు. నేల, పైకప్పు, నాలుగు గోడలు కలిపి 94 చదరపు మీటర్లు. టైల్సూ ప్లాస్టరూ తమ మీద పడిన శబ్దంలో సుమారు 3 శాతమే పీల్చుకుంటాయి. అంటే మొత్తం శోషణ 2.8. సూత్రంలో వేస్తే 3.4 సెకన్లు వస్తుంది. గుడి మంటపంలో కూర్చున్నట్టే!

ఇప్పుడు కిటికీకి 8 చదరపు మీటర్ల మందపాటి తెర, బాగా కుచ్చిళ్లు వచ్చేలా వేలాడదీద్దాం (60 శాతం శోషణ). నేల మీద 12 చదరపు మీటర్ల దళసరి తివాచీ, దాని కింద మెత్తటి పొర (35 శాతం). ఒక బట్ట సోఫా, ఇద్దరు మనుషులు కలిసి మరో 3 అనుకుందాం. మొత్తం 14 చిల్లర అవుతుంది. మోత 0.7 సెకనుకి దిగుతుంది. నిండుగా పుస్తకాలున్న ఓ అల్మారా, గోడకో బట్ట చిత్రం చేరిస్తే అరసెకను దగ్గరికి వస్తుంది. ఇంట్లో సంగీతానికి మనం కోరుకునేది అదే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తివాచీ, తెరలకయ్యే ఖర్చుతో ఇంత మార్పు తెచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె ఏదీ లేదు. సూక్ వాకిఫ్‌లో తివాచీల కొట్లూ, బట్టల కొట్లూ ఉండనే ఉన్నాయి. పైగా ఈ ఖర్చుకి ఇంట్లో ఆడవాళ్లు అభ్యంతరం చెప్పకపోవడం ఇంకో లాభం.

రెండో మెట్టు: పైసా ఖర్చు లేని అమరిక

స్పీకర్లు రెండూ, మీ తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. అంటే రెండు స్పీకర్ల మధ్య 2 మీటర్లుంటే, మీరు ఒక్కోదానికీ 2 మీటర్ల దూరంలో కూర్చోవాలి. చిన్న స్పీకర్ (ట్వీటర్) చెవి ఎత్తున ఉండాలి. స్పీకర్లని గోడకి ఓ జానెడున్నర ముందుకి జరపండి, మూలల్లో ఇరికించకండి. సోఫాని వెనక గోడకి ఆనించకండి. ఒకటి తలుపు పక్కన, ఇంకోటి ఫ్రిజ్ మీద పెట్టి స్టీరియో విన్నామనుకునేవాళ్లకి ఈ ఒక్క మార్పుతోనే గాయకుడి గొంతు సరిగ్గా మధ్యలోంచి వినిపిస్తుంది. అదీ స్టీరియో అంటే.

మూడో మెట్టు: స్పీకర్లు

మీ మొత్తం బడ్జెట్‌లో సగానికి తగ్గకుండా ముందున్న రెండు స్పీకర్లకే కేటాయించండి. కారణాలు మూడు.

ఒకటి, చెవికి తెలిసే తేడా అక్కడే ఉంది. రెండు, స్పీకర్ పాతబడదు. హెచ్‌డిఎంఐ మొదటి రూపం 2002లో వచ్చింది. అందులోనే టీవీ శబ్దాన్ని వెనక్కి పంపే ఏర్పాటు (ఏఆర్‌సీ) 2009లోనూ, దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ 2017లోనూ వచ్చాయి. డాల్బీ అట్మాస్ 2012లో థియేటర్లకీ, 2014లో ఇళ్లకీ చేరింది. ఇలా ప్రతి నాలుగైదేళ్లకీ రిసీవర్ పాతదైపోతూ వచ్చింది. కానీ 2002లో కొన్న మంచి స్పీకర్ల జతకి ఈ రోజు కొత్త రిసీవర్ తగిలించినా పనిచేస్తుంది. మూడు, మామూలు స్పీకర్‌కి కరెంటు ప్లగ్గే ఉండదు. దోహా అయినా డల్లాస్ అయినా దానికొక్కటే.

గల్ఫ్ వాతావరణానికి ఓ జాగ్రత్త. స్పీకర్ కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌తో చేసిందైతే వేడికీ తేమకీ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచున్నవి ఎంచుకోండి. అలాగే నిలువెత్తు స్పీకర్లకన్నా షెల్ఫ్ మీద పట్టే చిన్న జత, దానికి తోడు స్టాండ్లు మేలు. తక్కువ పౌనఃపున్యాల పని తర్వాత సబ్‌ఊఫర్ చూసుకుంటుంది. వెళ్లిపోయే రోజున చిన్న జతని కార్గో పెట్టెలో సర్దడం తేలిక. అట్టపెట్టెలూ థర్మోకోలూ పారెయ్యకండి.

నాలుగో మెట్టు: ఆంప్లిఫయర్, వాట్ల మాయ

ఒక స్పీకర్ సున్నితత్వం 87 డెసిబెల్స్ అంటే, 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో 87 డెసిబెల్స్ శబ్దం వస్తుందని. 3 మీటర్ల దూరానికి అది దాదాపు 77.5కి పడిపోతుంది. రెండో స్పీకరూ, గది గోడలూ కలిపితే మళ్లీ 82 దాకా లేస్తుంది. అంటే ఒక్కో స్పీకర్‌కి ఒక్క వాటుతో 82 డెసిబెల్స్. మనం మామూలుగా పాటలు వినేది 70, 75 దగ్గరే. ఒక్క వాట్ కూడా పూర్తిగా ఖర్చు కాదన్నమాట!

మరి తారాస్థాయిలు? 95 డెసిబెల్స్ కావాలంటే ఇంకో 13 పెరగాలి. శక్తి 10 రెట్లయితే 10 డెసిబెల్స్, రెట్టింపయితే 3 డెసిబెల్స్ కాబట్టి 20 వాట్లు చాలు. సినిమా హాల్లో మాదిరి 105 డెసిబెల్స్ మెరుపు స్థాయి కావాలంటే మాత్రం 200 వాట్లు కావాలి. ఫ్లాట్‌లో ఆ స్థాయిలో పెడితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. కాబట్టి 50 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది కొంటే దక్కేది 3 డెసిబెల్స్ మాత్రమే. కొండంత రాగం తీసి కూని రాగం పాడినట్టు.

కేబుల్ సంగతీ ఇక్కడే తేల్చేద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్లు లాగితే, రానూ పోనూ 10 మీటర్లకి నిరోధం 0.12 ఓమ్ దాటదు. 8 ఓమ్‌ల స్పీకర్‌తో దానివల్ల నష్టం దాదాపు 0.1 డెసిబెల్. అది ఎవరి చెవికీ అందదు. దూరం ఎక్కువైతే 2.5 మిల్లీమీటర్లది వాడండి. అంతకన్నా ఖరీదైన కేబుల్ జోలికి పోకండి.

హోమ్ థియేటర్ దాకా వెళ్లాలనుకునేవాళ్లు ఈ మెట్టు దగ్గరే స్టీరియో ఆంప్లిఫయర్ బదులు ఏవీ రిసీవర్ కొనొచ్చు. మొదట రెండు స్పీకర్లే తగిలించుకుని, మిగతా చానళ్లు తర్వాత నింపుకోవచ్చు. మైక్ పెట్టి గదిని కొలిచి సర్దే సదుపాయం ఉన్నది తీసుకోండి.

ఐదో మెట్టు: సబ్‌ఊఫర్

ధ్వని వేగాన్ని గది కొలతకి రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ పౌనఃపున్యం దగ్గర తానే మోగుతుందో తెలుస్తుంది. మన హాలుకి 5 మీటర్ల వైపు 34 హెర్ట్జ్, 4 మీటర్ల వైపు 43, ఎత్తుకి 57. ఈ పౌనఃపున్యాలు ఒక చోట గుమ్మని మోగి, రెండడుగుల అవతల మాయమైపోతాయి. హాలు సరిగ్గా చతురస్రంగా ఉంటే రెండు మోతలూ ఒకే చోట కలిసి గోరుచుట్టు మీద రోకలిపోటవుతుంది.

అందుకే సబ్‌ఊఫర్ ఎంత పెద్దదన్నది కాదు, ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. దీనికో చిట్కా ఉంది. సబ్‌ఊఫర్‌ని మీరు కూర్చునే సోఫా దగ్గర పెట్టి, మృదంగమో బేస్ గిటారో బాగా వినిపించే పాట వెయ్యండి. మీరు గోడల వెంట నేల మీద పాకుతూ వినండి. స్వరాలన్నీ సమానంగా, స్పష్టంగా వినపడిన చోట గుర్తు పెట్టుకుని సబ్‌ఊఫర్‌ని అక్కడికి మార్చండి. పిల్లలు నవ్వుతారు, పర్వాలేదు. క్రాస్‌ఓవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి.

పొరుగువాళ్లని కూడా తలుచుకోవాలి. 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. దాన్ని తివాచీ గానీ తెర గానీ ఆపలేవు, కాంక్రీటు నేల కిందింటికి మోసుకుపోతుంది. సబ్‌ఊఫర్ కింద మెత్తటి దిమ్మ వెయ్యండి. రాత్రి 10 దాటితే రిసీవర్‌లో నైట్ మోడ్ పెట్టండి. మాటలు వినిపిస్తాయి, పేలుళ్లు తగ్గుతాయి.

ఆరో మెట్టు: నడిమి స్పీకరు, వెనక స్పీకర్లు

తెలుగులో బహుళ చానళ్ల శబ్దానికి పాత చరిత్రే ఉంది. 1986లో వచ్చిన కృష్ణ 'సింహాసనం' మన తొలి 70 ఎంఎం చిత్రం, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో వచ్చింది. 2015 నాటి 'బాహుబలి' అట్మాస్‌లో వచ్చింది. ఇలాంటి సినిమాలు ఇంట్లో చూడటానికి ఈ మెట్టు పనికొస్తుంది. నడిమి స్పీకర్‌కి సంభాషణలు ముఖ్యం కాబట్టి అది ముందు జత కంపెనీదే, అదే వరసలోదే అయ్యుండాలి. వెనక స్పీకర్లు సరిగ్గా వీపు వెనక కాకుండా, ఎదురు దిక్కు నుంచి 110 డిగ్రీల దగ్గర, అంటే పక్కలకి కొంచెం వెనగ్గా ఉండాలి. పైకప్పు స్పీకర్లకి అద్దె ఇంట్లో కన్నాలు వెయ్యాల్సి వస్తుంది కాబట్టి అవి సొంత ఇంటికి అట్టేపెట్టుకోండి.

పాత పాటలు వినేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 1957 నాటి 'మాయాబజార్' శబ్దం మోనో. (2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు దాన్ని డీటీఎస్‌కి మార్చారు.) ఘంటసాల పాడిన రోజుల్లోని సినిమా పాటలు చాలామటుకు ఇంతే. రిసీవర్‌ని సరౌండ్ మోడ్‌లో ఉంచి ఇలాంటి పాట వేస్తే ఏమవుతుందో తెలుసా? కుడి ఎడమల్లో ఒకే సంకేతం ఉంది కాబట్టి, అది మధ్యలోదని రిసీవర్ లెక్కగట్టి, పాటంతా నడిమి స్పీకర్‌కి పంపేస్తుంది. మీరు సగం బడ్జెట్ పోసి కొన్న జత మౌనంగా కూర్చుంటుంది, ఘంటసాల గొంతు ఓ చిన్న పెట్టెలోంచి వస్తుంది. పాటలకి ఎప్పుడూ 'స్టీరియో' లేదా 'డైరెక్ట్' మోడ్ పెట్టుకోండి.

ఖతార్ ప్రత్యేకతలు

కరెంటు: ఇక్కడ 240 వోల్టులు, 50 హెర్ట్జ్. మన దేశంలో 230, 50. కాబట్టి వెనక 220–240 అని రాసున్న పరికరాలు ఇంటికి తీసుకెళ్లినా హాయిగా పనిచేస్తాయి, ప్లగ్ ఒక్కటే మార్చాలి. అమెరికాలో ఉన్న స్నేహితుడి చేత చవగ్గా తెప్పించుకున్నది 120 వోల్టులదైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. డాలరుకి 3.64 రియాళ్ల లెక్కన ధర పోల్చేటప్పుడు ఆ ఖర్చూ కలపండి.

వేడి: ఆంప్లిఫయర్లలో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగానికి పడిపోతుంది. రిసీవర్‌ని మూసిన అల్మారాలో పెట్టకండి. సెలవుకి ఊరెళ్లేటప్పుడు ప్లగ్గులన్నీ తీసెయ్యండి. షమాల్ గాలి వీచే రోజుల్లో కిటికీలు ఎంత మూసినా సన్నటి దుమ్ము లోపలికొస్తుంది. స్పీకర్ల మీద బట్ట, రిసీవర్ మీద నెలకోసారి మెత్తటి బ్రష్ అవసరం.

ఏసీ: ఏడాదిలో ఎక్కువ భాగం అది మోగుతూనే ఉంటుంది. మీరు కూర్చున్న చోట దాని శబ్దం 45 డెసిబెల్స్ అనుకుందాం. మీరు భరించగలిగే తారాస్థాయి 95. అంటే మీ గదిలో వినపడే వ్యత్యాసం 50 డెసిబెల్స్. 1982లో వచ్చిన మామూలు సీడీ 96 డెసిబెల్స్ ఇవ్వగలదు! 24 బిట్ల 'హై రిజల్యూషన్' ఫైళ్లకి అదనంగా డబ్బు పోసేముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆ డబ్బుతో ఏసీ సర్వీసింగ్ చేయిస్తే ఎక్కువ సంగీతం వినిపిస్తుంది.

డిస్కులు: డీవీడీలకి గల్ఫ్ 2వ ప్రాంతం, ఇండియా 5. బ్లూరేలకి గల్ఫ్ బి, ఇండియా సి. ప్లేయర్ కొనేముందు చూసుకోండి.

తేడా నిజంగా ఉందా?

ఒక మార్పు చేశాక నెలరోజులు ఇంకేమీ మార్చకండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? పోల్చి చూసేటప్పుడు రెండిటి శబ్ద స్థాయీ సమానం చెయ్యడం తప్పనిసరి. 1 డెసిబెల్ గట్టిగా ఉన్నదే చెవికి 'బాగున్నట్టు' తోస్తుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పోలికకి సరిపోతుంది. మార్చే పని ఇంకొకరికి అప్పజెప్పి, ఏది మోగుతోందో తెలియకుండా పదిసార్లు వినండి. పదిలో ఐదారుసార్లే సరిగ్గా చెప్పగలిగితే ఆ పెట్టె తిరిగి ఇచ్చెయ్యండి.

చెవికి కొలబద్ద కావాలంటే మైకు లేని సంగీతం వినాలి. 2007లో ఏర్పాటైన ఖతార్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కచేరీలు కతారాలోని ఒపెరా హౌస్‌లో జరుగుతుంటాయి. వయొలిన్ అసలు శబ్దం ఎలా ఉంటుందో ఓసారి అక్కడ విని రండి. తెలుగువాళ్ల ఇంట్లో వీణో మృదంగమో నేర్చుకునే పిల్లలుంటే టిక్కెట్టు కూడా అక్కర్లేదు.

ఎక్కడ ఆగాలి?

స్థూలంగా వరస ఇది: మొదటి మూడు నెలలు గది, అమరిక. తొలి ఏడాదిలో స్పీకర్లు, రిసీవర్. రెండో ఏడాది సబ్‌ఊఫర్. సినిమాలు నిజంగా వారం వారం చూస్తున్నారనిపిస్తేనే నడిమి, వెనక స్పీకర్లు. పాటలే మీ ప్రాణమైతే నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయినా తక్కువేమీ కాదు.

ఉద్యోగం ముగిసి బయల్దేరే రోజున తివాచీ, స్పీకర్లు, చిన్న పెట్టెలు వెంట తీసుకెళ్లండి. పాతబడిన రిసీవర్‌ని, బరువైన సబ్‌ఊఫర్‌ని కొత్తగా వచ్చిన కుర్రాడికి అమ్మెయ్యండి. పెద్ద టీవీ సంగతి మాత్రం ఆలోచించాలి. ఫ్లాట్ టీవీలకున్న సుంకం మినహాయింపుని భారత ప్రభుత్వం 2013 ఆగస్టు 26 నుంచి తీసేసింది. కస్టమ్స్ నియమాలు మారుతుంటాయి కాబట్టి సామాను కట్టేముందు ఓసారి చూసుకోవడం మంచిది.

ఈ వారం ఏమీ కొనకండి. సోఫాని గోడ నుంచి ఓ మూరెడు ముందుకి లాగి, స్పీకర్లని త్రిభుజంగా జరిపి, మీకు బాగా తెలిసిన పాట ఒకటి వినండి. తర్వాతి మెట్టు ఎక్కాలో వద్దో మీ చెవులే చెబుతాయి.